తాపీమేస్త్రి పేరు మీద

జూన్ 4, బుధవారం

తమ్ముడు నిన్న పొద్దున ఇంట్లోంచి వెళ్ళాడు. ఇంకా రాలేదు.

ఫోను బల్ల మీదే ఉంది. పర్సు ఉంది. చెప్పులు లేవు, బూట్లు ఉన్నాయి. అంటే దూరం వెళ్ళే ఉద్దేశం లేదన్నమాట. చెప్పులేసుకుని ఎవరూ దూరం వెళ్ళరు. కింద షాపులో అడిగాను. చూడలేదన్నాడు.

ఈ పుస్తకం పళ్ళ ల్యాబ్‌లో ఆర్డర్లు రాసుకోవడానికి ఇచ్చింది. మొదటి రెండు పేజీల్లో ఎవరెవరివో దవడ కొలతలు ఉన్నాయి. మూడో పేజీ నుంచి నాది. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. నాకు చెప్పుకునేంత దగ్గరివాళ్ళు వాడు తప్ప లేరు.

వాడికి ముప్పై ఒకటి. చిన్నపిల్లాడేం కాదు. ఎనిమిది నెలలుగా ఆ కుర్చీలోనే కూర్చున్నాడు, కాస్త గాలి పీల్చుకోవాలనిపించి ఉంటుంది. నిన్న పొద్దున మామూలుగానే ఉన్నాం. నేను పనికి వెళ్ళే హడావిడిలో ఉన్నాను, వాడు కంప్యూటర్ ముందున్నాడు. ఏదో అన్నాడు, నేనేదో అన్నాను. మామూలే.

రేపు వస్తాడు.

జూన్ 5

రాలేదు.

జూన్ 6, శుక్రవారం

పోలీసు స్టేషన్‌కు వెళ్ళాను. కాగితం రాసుకునే ఆయన మర్యాదగానే మాట్లాడాడు.

"ఏం పని చేస్తాడమ్మా?"

"బిల్డింగ్ ప్లాన్లు గీసేవాడండి. ఆ ఆఫీసు మూసేశారు."

"ఇప్పుడో?"

"ఇంట్లోనే ఉంటాడు. గేములాడతాడు."

పెన్ను ఆగింది. "ముప్పై ఒకటని చెప్పారు కదా?"

"అవునండి."

"ఇంట్లో ఏమైనా గొడవయిందా?"

"లేదండి."

"పెళ్ళి గొడవో, ప్రేమ గొడవో..."

"ఏ గొడవా లేదండి."

ఆయన పెన్ను మూత పెట్టి నా వంక చూశాడు. "గొడవపడి పోయినవాళ్ళు కోపం తగ్గాక వచ్చేస్తారమ్మా. గొడవ లేకుండా పోయినవాళ్ళతోనే మాకు భయం."

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆనవాళ్ళు అడిగాడు. పుట్టుమచ్చలు గుర్తుకు రాలేదు. పన్నెండేళ్ళు పెద్దదాన్ని, వాడికి స్నానాలు చేయించినదాన్ని, ఒక్క మచ్చ గుర్తుకు రాలేదు. పై వరసలో, ఎడమవైపు దవడ పంటికి క్యాపు ఉందని చెప్పాను. నేనే చేశాను దాన్ని. అది చూస్తే చాలు, లక్ష పళ్ళలోనైనా గుర్తుపడతాను.

"అంటే మీరు డాక్టరా?"

"కాదండి. డాక్టరు నోట్లో పెడతారు. తయారుచేసేది మేము."

"కట్టుడు పన్ను" అని రాసుకున్నాడు.

జూన్ 7

వాడి బూట్లు తుడిచి పెట్టాను.

జూన్ 8, ఆదివారం

ఇవాళ వాడి కుర్చీలో కూర్చున్నాను. కంప్యూటర్ ఆపకుండానే వెళ్ళాడు. మౌస్ కదిపితే తెర వెలిగింది.

ఏదో ఫోరం తెరిచి ఉంది. గేములు ఆడేవాళ్ళంతా ఒకచోట చేరి రాసుకునే అరుగు లాంటిది. ప్రతి ఆదివారం పొద్దున హెడ్మాస్టారు అనే ఆయన పైన ఒక ప్రశ్న పెడతాడు: "ఈ వారం ఏం ఆడుతున్నారు? ఎలా ఉంది?" అంతే. కింద వరసగా రాస్తారు. ఎవరికీ అసలు పేర్లు లేవు. మా వాడి పేరు తాపీమేస్త్రి. అందరూ తాపీ అని పిలుస్తారు.

పేరు చూసి మొదట ఒళ్ళు మండింది. తాపీగా కూర్చోవడమేగా చేసింది ఎనిమిది నెలలు, సరిగ్గానే పెట్టుకున్నాడు అనుకున్నాను. తర్వాత అర్థమైంది. ఇళ్ళు కట్టే ఆట ఒకటుంది, వాళ్ళు దాన్ని "మేడ" అంటారు. అందులో మావాడు మెట్లు కడతాడు. వాడు కట్టిన మెట్లు చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్ళో వస్తారట. ఆఫీసులో కూడా వాడు గీసింది మెట్లే. ఆరేళ్ళు ఊళ్ళోవాళ్ళ మెట్లన్నీ గీశాడు.

మూడేళ్ళుగా ప్రతి ఆదివారం రాశాడు. మొత్తం చదివాను. టీ చల్లారిపోయింది, మళ్ళీ పెట్టుకున్నాను, అదీ చల్లారిపోయింది.

ఒకటి ఇక్కడ ఎక్కించుకుంటున్నాను, వాడు పెట్టని ఫుల్‌స్టాపులు నేను పెట్టి:

"దీపస్తంభం ఆట వారం ఆడాను. సాయంత్రం కాగానే దీపం వెలిగించాలి, అంతే పని. ఓడలొస్తాయి, పోతాయి, ఒక్కడూ థాంక్స్ చెప్పడు. మా అక్క ఉద్యోగం లాంటిదే. పళ్ళు పెట్టించుకున్నవాడు డాక్టరుకు దణ్ణం పెడతాడు, చేసినావిడ సెల్లార్లో ఉంటుంది. పదికి ఎనిమిది. రెండు మార్కులు ఎందుకు కోశానంటే, దీపం దగ్గర కూర్చోవడానికి కుర్చీ లేదు."

ఇంట్లో ఇన్ని మాటలు ఎప్పుడు మాట్లాడాడు వాడు? "అన్నం తిన్నావా", "తిన్నా". "లైటు ఆపు", "ఆపుతా". ఇంతే కదా.

ఏప్రిల్ నుంచి చిన్నచిన్నగా రాశాడు. "సిగ్నళ్ళ ఆట. రైలు ఆగిపోయింది. మనం ఆలోచించుకునేదాకా ఎవరూ హారన్ కొట్టరు. బాగుంది." చివరిది జూన్ 1: "ఈ వారం ఏమీ ఆడలేదు. ఆట తెరిచి, చూస్తూ కూర్చున్నా."

అలిసిపోయి ఉంటాడు. కళ్ళు కూడా లాగుతాయి కదా.

జూన్ 10, మంగళవారం

వారం అయింది.

ల్యాబ్‌లో ఒకాయన పళ్ళ సెట్టు తిరగేసి అమర్చాను. ఎదుటి బల్ల దగ్గర పళ్ళకు రంగులు కలిపే ఆవిడ చూసి పట్టుకుంది. మేం ఆవిడను రంగులావిడ అనే అంటాం. నలభై మూడేళ్ళు వచ్చినా నన్నింకా పిల్లా అనేది ఆవిడొక్కతే.

"పిల్లా, ఈయన నవ్వితే ముక్కు నవ్వినట్టుంటుంది. ఇంటికి పో."

ఇంటికొచ్చి ఏం చేయను? ఫోరం తెరిచాను. ఈ వారం తాపీ రాయలేదని అందరూ గమనించారు. గోడమీద పిల్లి అని ఒకడున్నాడు, ఏ ఆట గురించీ బాగుందనీ బాలేదనీ తేల్చడు. వాడు రాశాడు: "మూడేళ్ళలో మొదటిసారి తాపీ నాగా పెట్టాడు. చచ్చాడా, ఉద్యోగం వచ్చిందా? రెండూ ఒకటే అనుకోండి."

సరదాకే రాశాడు. తెలుసు. కానీ ఆ మాట అలా వేలాడుతుంటే చూడలేకపోయాను. కింద పెట్టె ఖాళీగా ఉంది, దాని పక్కన తాపీమేస్త్రి అని పేరు. ఒక్క వేలితో కొట్టాను.

"ఉన్నాను."

వెంటనే పది మంది వచ్చిపడ్డారు. పెద్దనర్సు అని ఒకావిడ, రిటైరయిందట, యుద్ధాల ఆటలే ఆడుతుంది. ఆవిడ రాసింది: "బతికించావు నాయనా. ముప్పై ఎనిమిదేళ్ళు ప్రాణాలు నిలబెట్టి ఇప్పుడు కాసిని తీస్తున్నా, నీది మాత్రం నా లెక్కలో లేదు."

అబద్ధమేం కాదు కదా నేను రాసింది. ఉన్నాడు. ఎక్కడో ఒకచోట ఉన్నాడు.

జూన్ 12, గురువారం

ల్యాబ్‌కు వెళ్ళే ముందు గంటసేపు మేడ ఆడాను. ఆడాననకూడదు, పడ్డాను. నడవడానికి ఒక చేయి, చూడటానికి ఒక చేయి కావాలి. మైనంలో పన్ను చెక్కే చేతులు నావి, వెంట్రుకవాసి తేడా రానివ్వవు. ఇక్కడ గోడకు తల కొట్టుకోవడం తప్ప ఏమీ రాలేదు.

వాడు దాచుకున్న ఇళ్ళు నలభై దాకా ఉన్నాయి. చివరిది తెరిచాను. చిన్న గది. మెట్లు దిగి లోపలికి వెళ్ళాలి. వెళ్తే, మా ల్యాబ్.

నా బల్ల. మైనం కరిగించే దీపం. ప్లాస్టర్ బస్తా. రెండేళ్ళ కిందట ఒకసారి గొడుగు ఇవ్వడానికి వచ్చాడు, గుమ్మంలో నిలబడి వెళ్ళిపోయాడు. అంతలోనే అన్నీ చూశాడు. గోడ మీద తడి మరక కూడా ఉంది.

ఒక్కటే తేడా. నా బల్ల ఎదురుగా పెద్ద కిటికీ పెట్టాడు. మా సెల్లార్లో కిటికీ లేదు.

జూన్ 13

లేదు.

జూన్ 15, ఆదివారం

హెడ్మాస్టారు ప్రశ్న పెట్టగానే నేనే ముందు రాశాను. వాడు వచ్చేసరికి వాడి చోటు వాడికి ఉండాలి కదా. ఎవరైనా ఆక్రమించుకుంటే?

మేడ గురించి పెద్దగానే రాశాను. నాకు తెలిసిందేదో తెలిసినట్టు. "ఈ ఆటలో గోడలు బాగున్నాయి, వెలుతురు బాగుంది. మెట్లు మాత్రం దండగ. ఎక్కేటప్పుడు సగం సార్లు పడతాం, దిగేటప్పుడు అన్నిసార్లూ పడతాం. నిచ్చెన వేస్తే పని అయిపోయేదానికి మెట్లు కట్టేవాడికి తీరిక ఎక్కువ. పదికి ఐదు."

అందరూ విరగబడ్డారు. తాపీ మెట్లను తిట్టడమా! హెడ్మాస్టారు మూడుసార్లు చదివానన్నాడు. గోడమీద పిల్లి: "ఒప్పుకోను. ఒప్పుకోకుండానూ ఉండలేను. అన్నట్టు తాపీ, నీకు ఈ మధ్య ఫుల్‌స్టాప్ పెట్టడం వచ్చింది, ఎవరు నేర్పారు?"

నవ్వాను. పన్నెండు రోజుల తర్వాత నవ్వాను. నవ్వు బయటికి వచ్చాక, ఖాళీ ఇంట్లో ఆ చప్పుడు విని, నోరు మూసుకున్నాను.

పెద్దనర్సు మాత్రం ఏమీ రాయలేదు.

జూన్ 17, మంగళవారం

పోలీసాయన ఫోన్ చేశాడు. కాలవ దగ్గర ఒకరు దొరికారట. వయసు ముప్పై, ముప్పై రెండు.

రంగులావిడ కూడా వచ్చింది. ఆటోలో నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. ఆవిడ వేళ్ళకు ఇంకా పంటి రంగు ఉంది.

మార్చురీ గుమ్మంలో పోలీసాయన నన్ను ఆపాడు. "నీళ్ళలో ఉన్నాడమ్మా. ముఖం చూసి లాభం లేదు. చొక్కా చూపిస్తాం, గుర్తుపట్టండి."

చొక్కా చూశాను. నీలం. మా వాడికి నీలం చొక్కాలు నాలుగున్నాయి. ఆ రోజు ఏది వేసుకున్నాడో నేను చూడలేదు. వాడి వైపు తిరిగి చూడనే లేదు ఆ రోజు.

"పళ్ళు చూపించండి" అన్నాను.

"అమ్మా..."

"పళ్ళు చూపించండి. నా పని అదే."

లోపలి మనిషి పోలీసాయన వంక చూశాడు. ఆయన తల ఊపాడు. టార్చి పట్టారు. వంగి చూశాను. పై వరస, ఎడమవైపు, దవడ పన్ను.

క్యాపు లేదు. మంచి పన్ను. పుచ్చు కూడా లేదు, అరగను కూడా అరగలేదు. ఎవరో శుభ్రంగా తోముకునేవాడు.

"కాదు" అన్నాను. బయటికొచ్చి మెట్ల మీద కూలబడి "కాదు, కాదు, కాదు" అంటూనే ఉన్నానట. రంగులావిడ చెప్పింది. నాకు గుర్తున్నది ఒక్కటే. సంతోషం. ఒళ్ళంతా సంతోషం. లోపల ఒకడు పడుకుని ఉన్నాడు, వాడికీ ఒక అక్క ఉండొచ్చు, నేను మెట్ల మీద కూర్చుని సంతోషపడ్డాను.

జూన్ 18, బుధవారం

రాసేస్తాను. ఎవరు చదువుతారు గనక?

ఆ మంగళవారం పొద్దున నేను టిఫిన్ డబ్బా మూత వెతుక్కుంటున్నాను. వాడు కుర్చీలోంచే పిలిచాడు. "అక్కా, ఒక్క నిమిషం. ఇది చూడు."

"టైం లేదు."

"ఒక్క నిమిషమే అక్కా. నీకోసమే."

మూత దొరకలేదు. అప్పటికే ఆలస్యమైంది. అన్నాను: "నువ్వు పోతే ఈ ఇంట్లో తెలిసేది కరెంటు మీటరు ఒక్కదానికే."

నేను డబ్బాకు ప్లేటు కప్పుకుని వెళ్ళిపోయాను.

ఇవాళ ఆ ఇంటి వివరాలు చూశాను, కంప్యూటర్‌లో తేదీ, టైము ఉంటాయి కదా. కిటికీ పెట్టిన గది. చివరిగా దాచింది జూన్ 3, ఉదయం ఎనిమిదీ పది. నేను ఇంట్లోంచి బయల్దేరింది ఎనిమిదింబావుకు.

కిటికీ చూపిద్దామని పిలిచాడు.

జూన్ 19, గురువారం

ఫోరంలో నిజం రాశాను. వాడి పేరు మీదే, కానీ నేనుగా.

"నేను తాపీని కాదు. తాపీకి అక్కను. వాడు పదహారు రోజులుగా కనబడటం లేదు. ఇన్నాళ్ళూ మిమ్మల్ని మోసం చేశాను, క్షమించండి. మొన్న ఒక శవాన్ని చూసి వచ్చాను, వాడు కాదు. మీలో ఎవరికైనా ఏమైనా తెలిస్తే చెప్పండి. మీకు వాడు నాకంటే ఎక్కువ తెలుసు."

ఎవరూ ఏమీ రాయలేదు. గంటసేపు చూశాను. ఎప్పుడూ కిచకిచలాడే చోటు, ఒక్క అక్షరం లేదు. తర్వాత గోడమీద పిల్లి రాశాడు: "చచ్చాడా అని రాసింది నేనే. నన్ను చెప్పుతో కొట్టండమ్మా."

జూన్ 20, శుక్రవారం

పొద్దున్నే పెద్దనర్సు విడిగా మెసేజ్ పెట్టింది, నంబరు ఇవ్వమని. ఇచ్చాను. వెంటనే ఫోన్ చేసింది. గొంతు బండలా ఉంది, వార్డులో పదిమందికి వినబడేలా మాట్లాడే గొంతు.

"అమ్మాయ్, కూర్చున్నావా?"

"నిలబడ్డానండి."

"కూర్చో. కూర్చున్నావా? నీ తమ్ముడు బతికే ఉన్నాడు."

కూర్చోలేదు, పడ్డాను.

"సోమవారం నాకు రాశాడు, ఇంకో పేరుతో. 'నా పేరు మీద ఎవరో రాస్తున్నారు, మా అక్కే అయ్యుంటుంది, ఆవిడకు నా సంగతి చెప్పొద్దు' అన్నాడు. మాట తీసుకున్నాడు."

"సోమవారమా?"

"సోమవారమే."

"నేను మంగళవారం శవం నోట్లోకి టార్చి వేసి చూశానండి."

"నాలుగు రోజులు! నాలుగు రోజులు తెలిసి కూడా ఎలా ఊరుకున్నారు? మీరూ ఆడవాళ్ళేనా? ఏం నర్సండీ మీరు?" ఇంకా చాలా అన్నాను. అనకూడనివి కూడా.

ఆవిడ అంతా విన్నది. "అయిందా?" అంది. "తిట్టు, ఇంకా ఉంటే తిట్టు, పడతాను. కానీ ఒకటి విను. వాడున్న స్థితిలో ఉన్నవాడు ఒక మనిషికి రాశాడంటే, ఆ ఒక్క తాడూ తెగకూడదు. నేను చెప్పేశానని తెలిస్తే ఇంకెవరికీ రాయడని భయపడ్డాను. నిన్న నువ్వు రాసింది చదివాక, వాడినే అడిగాను. మీ అక్క మార్చురీకి వెళ్ళొచ్చిందిరా అని చెప్పాను. అప్పుడు సరే అన్నాడు."

"ఏ స్థితి?" అన్నాను.

ఆవిడ జవాబు చెప్పలేదు. "ఆదివారం పదింటికి మేడలోకి వస్తానన్నాడు. నీకోసం కట్టిన గదట. నీకు తెలుస్తుందన్నాడు. ఎక్కడున్నావని అడక్కు. ఎందుకెళ్ళావని అడక్కు. మాట్లాడనివ్వు."

జూన్ 21

మెట్లు దిగడం ప్రాక్టీసు చేశాను. పదిహేడు సార్లు పడ్డాను.

జూన్ 22, ఆదివారం

తొమ్మిదిన్నరకే వెళ్ళి కిటికీ ముందు నిలబడ్డాను. పదయింది. పది దాటి పది నిమిషాలయింది. పావు తక్కువ పదకొండు. లేచి మొహం కడుక్కొచ్చాను. వచ్చేసరికి గుమ్మం దగ్గర ఒక మనిషి ఉన్నాడు. తెల్ల చొక్కా, నెత్తిమీద పేరు లేదు.

కింద అక్షరాలు వచ్చాయి.

"గోడలోకి నడుస్తున్నావక్కా. వెనక్కి రా."

కీబోర్డులో "త" ఎక్కడుందో కనబడలేదు. చాలాసేపటికి కొట్టాను: "తిన్నావా"

"తిన్నా."

ఎప్పటి ప్రశ్న, ఎప్పటి జవాబు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఏదో ఒకటి అడక్కపోతే వెళ్ళిపోతాడేమోనని "కిటికీ చూశాను" అన్నాను. "ఆ రోజే చూడాల్సింది. నేనన్న మాట" అని కొట్టి ఆగాను. మిగతాది రాలేదు.

"నీ మాటకు వెళ్ళలేదక్కా. నీ మాట అబద్ధమైతే కోపం వచ్చేది. నిజమే అనిపించింది. అప్పటికి చాలా రోజులుగా అదే అనిపిస్తోంది."

"నిజం కాదు."

"ఆ రోజు నేను పని వెతుక్కోవడానికి వెళ్ళలేదక్కా."

పెద్దనర్సు చెప్పని జవాబు అది. చదివాను. మళ్ళీ చదివాను. తెరలో ఆ తెల్ల చొక్కా మనిషి కదలకుండా నిలబడే ఉన్నాడు.

ఏం రాయాలో తెలియక "ఊ" అని రాశాను. చిన్నప్పుడు కథ చెబితే ఊ కొట్టేవాడు వాడు. ఇప్పుడు నేను.

"పన్నెండు రోజులు తిరిగా. ఎక్కడెక్కడో. ఆ ఆదివారం ఫోరంలో అందరికీ ఒక మాట రాసి పోదామని ఒక కంప్యూటర్ సెంటర్లో కూర్చున్నా. తెరిస్తే నా పేరు మీద ఉంది. మెట్లు దండగ, నిచ్చెన చాలు, పదికి ఐదు."

"క్షమించరా."

"మూడేళ్ళు మెట్ల గురించే రాశానక్కా! మెట్టు ఎత్తెంత ఉండాలి, వెడల్పెంత ఉండాలి, ముసలాళ్ళు ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలి, అన్నీ రాశా. నా పేరు మీద ఆఖరుగా మిగిలేది అదా? నిచ్చెనా? ఒళ్ళు మండిపోయింది. అంత కోపం ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా రాలేదు. అది దిద్దకుండా పోకూడదనుకున్నా. దిద్దుదామంటే పాస్‌వర్డు గుర్తు రాలేదు. ఇంట్లో ఎప్పుడూ కొట్టే పని లేదు కదా, తెరిచే ఉంటుంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ అయ్యాయి.

"అందుకని పెద్దనర్సుకు రాశా, ఎవరో తప్పు రాశారు, తీయించమని. ఆవిడ తిరిగి రాసింది. ఏడు పేజీలు. మెట్ల గురించి ఒక్క ముక్క లేదు."

మళ్ళీ రాశాడు: "అక్కా, ఇంటికి రావాలంటే భయంగా ఉంది."

"నేను వస్తా. ఇంటికి కాదు, నువ్వున్న చోటికి. చెప్తావా?"

కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. బయట వాడు చెట్లేమీ పెట్టలేదు, ఒట్టి ఆకాశం. తర్వాత ఒక ఊరి పేరు వచ్చింది, ఒక వీధి పేరు, సెంటర్ పేరు.

జూన్ 24, మంగళవారం

బస్సులో మూడు గంటలు. సెంటర్ మందుల షాపు పైన ఉంది. వాడు అక్కడే తుడిచి, కీబోర్డులు బాగుచేసి, వెనక గదిలో పడుకుంటున్నాడు. సెంటర్ ఆయన నన్ను చూడగానే "అక్కేనా?" అన్నాడు. పోలికలు ఉన్నాయట. ఎవరూ ఎప్పుడూ అనలేదు ఆ మాట.

వెనక్కి తిరిగి కూర్చున్నాడు. మెడ సన్నబడింది. గడ్డం పెరిగింది. చొక్కా నీలమే.

పేరు పెట్టి పిలవలేకపోయాను. వెళ్ళి పక్క కుర్చీలో కూర్చున్నాను. వాడు తల తిప్పలేదు, తెర వైపే చూస్తూ "నోరు తెరవమంటావా?" అన్నాడు.

"ఎందుకు?"

"క్యాపు చూస్తావేమోనని."

పెద్దనర్సు అన్నీ చెప్పినట్టుంది. వాడి వీపు మీద ఒక్కటి చరిచాను. చరిచిన చెయ్యి తీయలేదు.

ఆ పన్నెండు రోజులు ఎక్కడున్నాడో చెప్పలేదు. నేను అడగలేదు.

జూన్ 27, శుక్రవారం

ఇంట్లోనే ఉన్నాడు. నేను ల్యాబ్‌కు వెళ్ళలేదు. బాత్రూంలో ఐదు నిమిషాలు దాటితే తలుపు దగ్గరికి వెళ్తున్నాను. షేవింగ్ సామాను నా బీరువాలో ఉంది. వాడు చూశాడు. గడ్డం అలాగే ఉంది.

పెద్దనర్సు రోజూ ఫోన్ చేస్తోంది. ఆవిడను తిట్టినందుకు క్షమాపణ చెప్పబోతే "అవన్నీ పక్కన పెట్టు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావా లేదా?" అంది. ఇంట్లో ఉంటే, నేను పక్కనే ఉంటే, కడుపునిండా తింటే తగ్గిపోతుందన్నాను.

"జ్వరానికి కూడా ఇలాగే చెప్తావా? కాలు విరిగితే ప్రేమగా చూసుకుంటే అతుక్కుంటుందా? నేనూ ఇంటిమందులు నమ్మి ఒకరిని పోగొట్టుకున్నానమ్మాయ్. రేపు తీసుకెళ్ళు."

ఎవరిని అని అడగలేదు.

జూన్ 28

తీసుకెళ్ళాను. వాడు వచ్చాడు. చెప్పులు కాదు, బూట్లేసుకున్నాడు.

జూలై 2, బుధవారం

రెండోసారి డాక్టరు. చిన్న మనిషి, గొంతు ఇంకా చిన్నది. మందులు రాశాడు, పని చేయడానికి రెండు మూడు వారాలు పడుతుందన్నాడు. ఈలోగా బాగున్నట్టే ఉండి ఒక్కోరోజు దిగిపోతుందట, కంగారు పడొద్దట. నేను కంగారు పడ్డాను.

వాడిని అడిగాడు: "మళ్ళీ అలాంటి ఆలోచన వస్తే ఎవరికి చెప్తారు?"

వాడు చేతి గోళ్ళు చూసుకున్నాడు. "నా అంతట నాకు చెప్పడం రాదండి. ఎవరైనా అడిగితే చెప్తానేమో."

డాక్టరు నా వైపు తిరిగాడు. "మీరు అడుగుతారా? తిన్నావా అని కాదు."

"అడుగుతాను" అన్నాను. గుమ్మం దాటేలోపే భయమేసింది. అడిగితే ఏం చెప్తాడో.

జూలై 3

అడిగాను. "బాగానే ఉంది" అన్నాడు. గోడ వైపు చూసి.

జూలై 4

"బాగానే ఉంది."

జూలై 6, ఆదివారం

"బాగానే ఉందక్కా, రోజూ అడగాలా?" అడగాలి అన్నాను.

హెడ్మాస్టారు ప్రశ్నకు వాడేమీ రాయలేదు. కుర్చీలో కూర్చోలేదు కూడా. గోడమీద పిల్లి ఏదో కొత్త ఆట గురించి రాశాడు, ఇద్దరు కలిసి ఆడాల్సిందట, ఒకడు పడితే ఇంకొకడు లాగాలట. జీవితంలో మొదటిసారి ఒక అభిప్రాయం చెప్పాడు: "బాగుంది. అంతే. బాగుంది." వాడికి చదివి వినిపించాను. విన్నాడు. అంతే.

జూలై 9, బుధవారం

ఇవాళ నుంచి మళ్ళీ పనికి రమ్మన్నారు. నేను వచ్చేదాకా కింద ఇంటావిడ వచ్చి కూర్చుంటానంది. రాత్రంతా నిద్రపోలేదు, వాడు నిద్రపోయాడో లేదో కూడా తెలియలేదు. పొద్దున టీ పెడుతూ, వెనక్కి తిరగకుండానే అడిగాను. అడగడం అలవాటైపోయింది, జవాబు కూడా అలవాటైపోయింది.

"ఇవాళ ఎలా ఉంది?"

జవాబు రాలేదు. వెనక్కి తిరిగాను. బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ బల్ల మీద ఉన్నాయి. గోడ వైపు కాదు, నన్నే చూస్తున్నాడు.

"బాలేదక్కా" అన్నాడు. "ఇవాళ అస్సలు బాలేదు."

స్టవ్ ఆపేశాను. ల్యాబ్‌కు ఫోన్ చేసి రాలేనని చెప్పాను. డాక్టరుకు చేశాను, పదిన్నరకు రమ్మన్నాడు. గడియారంలో ఎనిమిదీ పది అయింది. కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చున్నాను.

"చెప్పు" అన్నాను. "టైం ఉంది."